లేబర్ డేకి పదహారడుగుల పీఎస్‌ఎల్‌వీ: గ్యారేజీలో కుదురుతుందా?

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందుగా ప్రశ్నను రెండు ముక్కల్లో చెబుతాను. మీరు డాలస్ శివారులో ఉంటారు. నిరుడు ఆరంగుళాల రాకెట్‌తో పెద్ద మోటార్లు వాడనిచ్చే లెవెల్ 3 ధ్రువపత్రం తెచ్చుకున్నారు. ఇద్దరు మిత్రులతో కలిసి గ్యారేజీలో ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ నమూనాను పదో వంతు స్కేలులో కట్టి, లేబర్ డే వారాంతంలో కాన్సస్‌లోని అర్గోనియాలో ఎగరేయాలనుకుంటున్నారు. ఇప్పుడు జూన్ సగం దాటింది. నడుమ ఒక ఎం మోటారు, చుట్టూ ఉండే ఆరు స్ట్రాపాన్లలో (పక్కన తగిలించే చిన్న బూస్టర్లు) నాలుగింటికి అంతకన్నా చిన్న కె మోటార్లు, అన్నీ ఒకేసారి వెలగాలి. బరువు 34 కిలోలని అంచనా. పదకొండు వారాల్లో ఇది అవుతుందా అని అడిగారు.

అవుతుంది, ఆ నాలుగు కె మోటార్లను వదులుకుంటే. వదులుకోకపోతే ఈ ఏడాది కాదు. ఇంత పెద్ద రాకెట్‌కు గడువు దగ్గరపడినప్పుడు కోత పెట్టవలసింది పైకి వెళ్ళే ఆర్భాటంలో. కిందికి దిగే ఏర్పాట్లలో మాత్రం ఒక్క గంట కూడా తగ్గించకూడదు. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. రంగు వేయడానికి రెండు వారాలు కేటాయించి, పారాచూట్ బయటికి వస్తుందో లేదో చూసే పరీక్షను ప్రయోగానికి ముందు రాత్రి మోటెల్ పార్కింగులో పెట్టుకుంటారు.

ముందు స్కేలు సంగతి. మీరు పదో వంతు అనుకున్నారు. కానీ కొనిపెట్టుకున్నది కాంక్రీటు స్తంభాలు పోయడానికి వాడే 12 అంగుళాల సోనోట్యూబు. దాని బయటి కొలత దాదాపు 31 సెంటీమీటర్లు. అసలు పీఎస్‌ఎల్‌వీ నడుము 2.8 మీటర్లు. భాగించి చూడండి, తొమ్మిదో వంతు వస్తుంది. అంటే 44.4 మీటర్ల ఎత్తు 4.9 మీటర్లవుతుంది, పదహారడుగుల పైమాట. ఉపగ్రహాన్ని కప్పి ఉంచే తల భాగం, 3.2 మీటర్ల ఉష్ణ కవచం, 35 సెంటీమీటర్లకు వస్తుంది. ఒక్కో మీటరు వ్యాసమున్న స్ట్రాపాన్లు 11 సెంటీమీటర్లవుతాయి కాబట్టి నాలుగంగుళాల ట్యూబు పెడితే కంటికి తేడా తెలియదు. ఇంటి రాకెట్లకు స్కేలును నిర్ణయించేది దొరికే ట్యూబేనని ఒప్పుకుంటే పని తేలికవుతుంది. పదో వంతుకు దగ్గరగా ఉండే 11.4 అంగుళాల హాబీ ట్యూబు తేలికైనదే, నాణ్యమైనదే. అయితే అది రావడానికి పట్టే సమయాన్ని మీరు భరించలేరు. ఉన్నదానితో కానివ్వండి.

పదో వంతు తొమ్మిదో వంతు అయినందుకు ఉపరితలం దాదాపు పావు వంతు పెరిగింది. మీ 34 కిలోల లెక్క పదో వంతు మీద వేసింది. ఆపైన ఎపాక్సీ జిగురు, మరలు, రంగు, చివరి వారంలో ‘ఇక్కడ ఇంకొంచెం బలం ఉంటే బాగుండు’ అంటూ పూసే పూతలు, ఇవేవీ కాగితం మీద కనిపించవు. ఎవరి లెక్కకైనా నేను పాతిక శాతం కలుపుతాను. మీది 42 కిలోలు అనుకుందాం.

ఈ రాకెట్‌లో మిగతావన్నీ ఆ అంకె మీద ఆధారపడతాయి. సగటున 2,400 న్యూటన్ల థ్రస్ట్ (తోపుడు బలం), మొత్తం 7,700 న్యూటన్-సెకన్ల ఇంపల్స్ (ఆ బలాన్ని మండే సమయంతో గుణిస్తే వచ్చేది) ఉండే 98 మిల్లీమీటర్ల ఎం మోటారును తీసుకుందాం. 42 కిలోలకు థ్రస్ట్, బరువుల నిష్పత్తి 5.8 వస్తుంది. అయిదుకు తగ్గకూడదన్నది మనవాళ్ళందరూ పాటించే లెక్క. రాకెట్‌ను మొదట్లో నిటారుగా నడిపించే లాంచ్ రైల్ మీద పట్టు వదిలేలోగా నాలుగు మీటర్లు జారుతుందనుకుంటే, వదిలేటప్పటికి వేగం సెకనుకు 19 మీటర్ల పైచిలుకు ఉంటుంది. అదే రాకెట్ 55 కిలోలకు పెరిగితే నిష్పత్తి 4.5కు, వేగం 16కు పడిపోతుంది. తేడా మూడు మీటర్లే కదా అనిపిస్తుంది. రైల్ వదిలే వేగం ఆ వేళ వీచే గాలికి నాలుగు రెట్లు ఉండాలన్నది ఇంకో లెక్క. అంటే మొదటిది సెకనుకు అయిదు మీటర్ల గాలిని తట్టుకుంటుంది, రెండోది నాలుగుకే గాలివైపు తల తిప్పుతుంది. కాన్సస్ మైదానంలో మధ్యాహ్నం అంత నెమ్మదిగా గాలి వీచే రోజు దొరకడం మీ అదృష్టం మీద ఆధారపడుతుంది. కాబట్టి ఈ రోజే ఒక తూకం యంత్రం కొనండి. గ్యారేజీ గోడ మీద పెద్ద కాగితం అంటించి, ప్రతి భాగం పేరు ఎదుట అంచనా బరువు, అసలు బరువు పక్కపక్కన రాయండి. ప్లైవుడ్ రింగు కోసినా, ఎపాక్సీ పూత వేసినా తూచిన తర్వాతే ముందుకు కదలండి.

ఇప్పుడు మీకు రుచించని భాగం, స్ట్రాపాన్ మోటార్లు.

మోటార్ల అక్షరం ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఇంపల్స్ హద్దు రెట్టింపవుతుంది. కె హద్దు 2,560 న్యూటన్-సెకన్లు, ఎల్ 5,120, ఎం 10,240, ఎన్ 20,480. ఒకేసారి వెలిగే మోటార్లన్నిటినీ కలిపి లెక్క కడతారు. మీ ఎం ఒక్కటే అయితే 7,700, ఎం తరగతి. దానికి ఒక్కొక్కటీ 1,500 ఉండే నాలుగు కెలు చేరితే 13,700 అయి ఎన్ తరగతిలో పడతారు, పైగా అది బహుళ మోటార్ల రాకెట్ అవుతుంది. ఒంటరి ఎం మోటారుకు మనుషులు నిలబడవలసిన కనీస దూరం 500 అడుగులు, బహుళ మోటార్ల ఎన్‌కు 1,500 అడుగులు. అంటే ప్యాడ్ మారిపోతుంది, తీగల పొడవు మారిపోతుంది, నిర్వాహకులతో మాట్లాడవలసిన మాటలు పెరుగుతాయి. మీ లైసెన్సు సరిపోతుంది కాబట్టి చట్టప్రకారం అడ్డు లేదు. ఫెడరల్ విమానయాన సంస్థ రెండో తరగతి రాకెట్లకు పెట్టిన 40,960 హద్దుకు కూడా చాలా లోపలే ఉన్నారు. చిక్కంతా భౌతికశాస్త్రం దగ్గర వస్తుంది.

స్ట్రాపాన్ మధ్యగీత రాకెట్ అక్షం నుంచి 21 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. నాలుగు కెలలో ఒకటి వెలగలేదనుకోండి. దాని ఎదుటిది 800 న్యూటన్లతో ఒక పక్కనే నెడుతుంది. ఆ మెలిపెట్టే బలం 165 న్యూటన్-మీటర్లకు పైనే. రైల్ వదిలిన మొదటి సెకనులో రెక్కల మీద గాలి ఒత్తిడి ఇంకా నామమాత్రం కాబట్టి దాన్ని ఎదుర్కొనేది ఏదీ లేదు. రాకెట్ ఒరుగుతుంది, ఎం మోటారు దాన్ని ఒరిగిన దిక్కుకే తీసుకుపోతుంది. మనం వాడే ఘన ఇంధనపు కాంపోజిట్ మోటార్లు మతాబుల్లా ఇట్టే అంటుకోవు. ఒకటి మీట నొక్కగానే లేస్తుంది, పక్కది ఒక సెకను ఆలోచిస్తుంది. పెద్ద ఎం మోటారు ఆలస్యంగా లేస్తే నాలుగు చిన్నవీ కలిసి 42 కిలోలను వంకరటింకరగా రైల్ చివరిదాకా తోస్తాయి. ఇవన్నీ పరిష్కారం లేని సమస్యలు కావు. పరిష్కరించినవాళ్ళు చాలామందే ఉన్నారు, కాకపోతే వాళ్ళు చిన్న క్లస్టర్లతో (ఒకేసారి వెలిగే మోటార్ల గుంపులతో) కొన్ని సీజన్లు గడిపి, మోటారును వెలిగించే ఏ ఇగ్నైటర్ ఏ మోటారుకు ఎంత సమయం తీసుకుంటుందో చేతికి తెలిసిన తర్వాత పెద్దవాటికి వెళ్ళారు. పదకొండు వారాల్లో ఆ అనుభవం కొనుక్కోవడానికి దొరకదు.

మీరు స్టీవ్ ఈవ్స్ శాటర్న్ 5ను ఉదాహరణగా చూపించారు. నిజమే, అది మన అభిరుచి చరిత్రలో గొప్ప ఘట్టం. 2009 ఏప్రిల్ 25న మేరీలాండ్‌లోని ప్రైస్ దగ్గర, 36 అడుగుల ఎత్తు, 1,648 పౌండ్ల బరువున్న పదో వంతు శాటర్న్ తొమ్మిది మోటార్లతో లేచి 4,441 అడుగులు ఎక్కింది, పారాచూట్ల మీద క్షేమంగా దిగింది. ఆ తొమ్మిదిలో నడుమది 77,000 న్యూటన్-సెకన్ల పి మోటారు, మిగతా ఎనిమిదీ 13,000 చొప్పున ఎన్ మోటార్లు. అంటే ఒక ఎన్ వెలగకపోయినా మొత్తంలో పోయేది ఏడు శాతం, అదీ ముప్పావు టన్ను జడత్వం ఉన్న రాకెట్‌లో. మీ దాంట్లో ఒక కె మొరాయిస్తే ఉన్న థ్రస్ట్‌లో దాదాపు ఏడో వంతు ఒక పక్కన మాయమవుతుంది, అదీ 42 కిలోల రాకెట్‌లో. ఆ పోలిక మీ వాదనకు బలం చేకూర్చదు.

అసలు పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్‌లో కూడా ఆరూ ఒకేసారి వెలగవు. నాలుగు నేల మీద, రెండు 25 సెకన్ల తర్వాత గాలిలో. శ్రీహరికోటలో అలా చేస్తారు కాబట్టి మనమూ చేయాలన్న ఉబలాటం నాకు అర్థమవుతుంది. అక్కడ దిశను సరిచేసే నియంత్రణ వ్యవస్థ ఉంది, మీ గ్యారేజీలో లేదు. ఆరింటినీ ఖాళీ ట్యూబులుగా పెట్టండి. చూసేవాళ్ళకు పొగ ఒక్క చోటి నుంచి వస్తే ఏం, అయిదు చోట్ల నుంచి వస్తే ఏం, పదహారడుగుల పీఎస్‌ఎల్‌వీ లేచిందంటే అందరూ లేచి నిలబడతారు.

ఇక ఈ నమూనాకు పుట్టుకతో వచ్చిన చిక్కు ఒకటుంది. మీ ప్రశ్నలో దాని ప్రస్తావనే లేదు, నాకు అదే భయం. పీఎస్‌ఎల్‌వీ రెక్కల మీద ఆధారపడి నిటారుగా నిలిచే రాకెట్ కాదు, పైగా తల దగ్గర ఉబ్బి ఉంటుంది. మన రాకెట్లు నిటారుగా వెళ్ళాలంటే గరిమనాభి (బరువంతా కేంద్రీకృతమైన చోటు) పీడన కేంద్రానికి (గాలి ఒత్తిడంతా పడే చోటు) ముందు ఉండాలి, కనీసం ఒక శరీర వ్యాసం మేర. మీకు ఒక వ్యాసం అంటే 31 సెంటీమీటర్లు. ఉబ్బిన తల పీడన కేంద్రాన్ని ముందుకు లాగుతుంది, తోకలో ఉన్న ఆరున్నర కిలోల మోటారు గరిమనాభిని వెనక్కి లాగుతుంది. స్ట్రాపాన్లు కొంచెం సాయపడతాయి కానీ చాలవు. కాబట్టి రెక్కలు తప్పవు. స్కేలు అందం చెడకుండా ఉండాలంటే పారదర్శకమైన పాలీకార్బొనేట్ రెక్కలు పెట్టండి. ఆరు మిల్లీమీటర్ల మందం, స్ట్రాపాన్ల సందుల్లోంచి బయటికి వచ్చేలా, సందు విడిచి సందులో మూడు. వంద అడుగుల దూరం నుంచి అవి కనిపించవు.

యాక్రిలిక్ కొనకండి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, ధర కూడా తక్కువే, కానీ నేల తాకిన మొదటిసారికే పగులుతుంది. పాలీకార్బొనేట్ వంగి మళ్ళీ నిలబడుతుంది. దాన్ని అంటించవద్దు, అల్యూమినియం యాంగిల్ ముక్కలతో బోల్టు చేయండి. అప్పుడు ప్రయాణంలో విప్పుకోవచ్చు, విరిగితే మార్చుకోవచ్చు. బోల్టులు వదులు కాకుండా పోసే ఎర్ర, నీలం ద్రవాలను మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. అవి పాలీకార్బొనేట్‌ను తినేస్తాయి, రెండు రోజుల్లో రంధ్రం చుట్టూ సన్నటి బీటలు కనిపిస్తాయి. నైలాన్ పట్టు ఉన్న నట్లు వాడండి. వేగం ఎక్కువైతే ఈ రెక్కలు అల్లాడతాయి కదా అని అడుగుతారు. మీ రాకెట్ లావు, స్ట్రాపాన్ల అడ్డు చూస్తే సెకనుకు 140 మీటర్లు దాటడం కష్టం. ఆ వేగానికి ఏమీ కాదు.

రాకెట్ ఎలా ఎగురుతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రాకెట్‌లో ఇప్పుడు స్ట్రాపాన్లను విడిగా పెట్టే వీలుంది. రెక్కల కొలత దాంట్లో తేల్చండి. ఇంకా చాలకపోతే ముక్కులో బరువు వేయాలి. సీసం వేయడానికి ముందు బ్యాటరీలు, కెమెరా, ఆల్టీమీటర్లు (ఎత్తు కొలిచి, శిఖరం దగ్గర మందు పేల్చి పారాచూట్‌ను బయటికి తెచ్చే పరికరాలు), వీలైతే పారాచూట్ కూడా ముందు భాగానికి మార్చి చూడండి. ఎలాగూ మోయవలసిన బరువే కదా, దానితోనే పని చేయించుకోవాలి.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను, ఆరంగుళాల రాకెట్ కట్టినవారికి చాలావరకు తెలిసిందే. కొత్తవి కొన్ని. సోనోట్యూబుకు మైనం పూసిన పొర ఉంటుంది. అది ఒలవకుండా ఎపాక్సీ పూస్తే పట్టదు, తర్వాత పొలుసులా లేస్తుంది. ఒలిచి, చుట్టు గీతలు పూడ్చి, ఆపైన తేలికపాటి ఫైబర్‌గ్లాస్ గుడ్డ ఒక పొర చాలు. రెండో పొర వేయాలని చెయ్యి లాగుతుంది, గోడ మీది కాగితం చూసుకోండి. ఉష్ణ కవచం కోసం థర్మోకోల్ పలకల్ని గుండ్రంగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడి తీగతో చెక్కి, పైన గ్లాస్ గుడ్డ వేయండి. పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ చవకగా దొరుకుతుంది కానీ అది థర్మోకోల్‌ను కరిగించేస్తుంది. ఎపాక్సీయే వాడాలి.

జులైలో మీ గ్యారేజీ లోపల నలభై డిగ్రీలు దాటుతుంది. పది డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ పనికొచ్చే సమయం దాదాపు సగమవుతుంది. పెద్ద గిన్నెలో ఎక్కువ కలిపితే అది తన వేడికి తానే పొగలు కక్కి గడ్డకడుతుంది. నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ కొనండి, కొంచెం కొంచెం కలుపుకోండి, తెల్లవారుజామున పని చేయండి. తేమ ఉన్న రోజు పూత మీద జిడ్డు తెట్టు కడుతుంది, మరో పూతకు ముందు నీళ్ళతో కడిగి గరుకు కాగితం పట్టాలి. నైట్రైల్ చేతి తొడుగులు లేకుండా ఎపాక్సీ ముట్టుకోవద్దు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే జన్మంతా పడదు, ఆపైన ఈ అభిరుచి మానుకోవలసిందే. ఫైబర్‌గ్లాస్‌కు గరుకు కాగితం పట్టడం గ్యారేజీ బయట, మాస్కుతో. ఇంట్లో పిల్లలున్నారని రాశారు కాబట్టి ఇది రెండోసారి చెప్పినట్టు అనుకోండి.

మోటారు గొట్టాన్ని పట్టుకునే రింగులకు 12 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ సరిపోతుంది. వాటి మధ్య నిలువు చెక్కలు పెట్టి థ్రస్ట్‌ను ఒకే రింగు మీద కాకుండా అన్నిటి మీదికీ పంచండి. ట్యూబు ముక్కలు కలిసే చోట లోపల పెట్టే జోడింపు గొట్టం, అంటే కప్లర్, ఒక్కో వైపు కనీసం ఒక వ్యాసం లోపలికి వెళ్ళాలి, అంటే 31 సెంటీమీటర్లు. తక్కువ పెడితే రైల్ మీద నిలబెట్టినప్పుడే నడుము ఊగుతుంది. ఏ ముక్కా రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి. మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎలాగూ ఒక సియెన్నానో ఒడిస్సీనో ఉంటుంది, వెనక సీట్లు తీస్తే ఆ పొడవు పడుతుంది. అర్గోనియాకు అయిదారు గంటల ప్రయాణం. ట్రైలర్ అద్దెకు తెచ్చి, ఆ కుదుపులకు స్ట్రాపాన్లు ఊడితే చూస్తూ కూర్చోవడం ఎందుకు?

అసలు విషయం ఇప్పుడు. మీ మోటారుతో ఈ లావు రాకెట్ ఎంత ఎత్తు వెళుతుందో లెక్క వేశాను. ఆరు వందల మీటర్లు, అటూ ఇటూగా. మీకు నిరాశ కలగవచ్చు, నాకు మాత్రం ఊరటగా ఉంది. మూడు వేల మీటర్లు వెళ్ళే రాకెట్ అయితే శిఖరం దగ్గర చిన్న పారాచూట్, కిందికి వచ్చాక పెద్దది, అంటే రెండు చోట్ల విడిపోవడం, రెండు జతల పేలుడు మందు, రెండింతల పరీక్షలు. ఆరు వందల మీటర్లకు ఆ తతంగం అక్కరలేదు. శిఖరం దగ్గరే పెద్ద పారాచూట్ విప్పేయండి. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో దిగితే నూరు సెకన్లలో నేల మీదికి వస్తుంది. అయిదు మీటర్ల గాలికి అర కిలోమీటరు కొట్టుకుపోతుంది, నడిచి వెళ్ళి తెచ్చుకోవచ్చు. విడిపోయే చోటు ఒక్కటే ఉంటే తప్పు జరిగే చోటు కూడా ఒక్కటే. గడువు ఉన్నప్పుడు తక్కువ ఎత్తు కూడా ఒక వరమే.

ఇంధనం మండిపోయాక మిగిలే 38 కిలోలు ఆ వేగంతో దిగాలంటే సుమారు నాలుగు మీటర్ల వ్యాసమున్న పారాచూట్ కావాలి. మంచి కుట్టు ఉన్నవి ఆర్డరు మీద తయారుచేస్తారు, వారాలు పడుతుంది. సైన్యం వాడి అమ్మేసిన సరుకు పారాచూట్లు చవకగా దొరుకుతాయి, బరువు ఎక్కువ. ఏది కొన్నా ఈ వారమే ఆర్డరు పెట్టండి. రంగు కన్నా, మోటారు కన్నా ముందు. పారాచూట్ చేతికొస్తేనే దానికి ఎంత చోటు కావాలో తెలుస్తుంది. చోటు తెలిస్తేనే ట్యూబు ఎక్కడ కోయాలో తెలుస్తుంది. కట్టు తాడు కెవ్లార్‌ది, రాకెట్ పొడవుకు కనీసం మూడు రెట్లు. దాన్ని తగిలించే కొక్కేలు తీగ వంచి చేసినవి కాకుండా కాల్చి సాగగొట్టిన ఫోర్జ్‌డ్ రకం కొనండి. వంచినవి కుదుపుకు తెరుచుకుంటాయి.

ఆల్టీమీటర్లు రెండు, రెండు కంపెనీలవి అయితే మేలు. ఒక్కోదానికి సొంత బ్యాటరీ, సొంత స్విచ్, సొంత పేలుడు మందు. రెండింటికీ ఒకే బ్యాటరీ పెట్టి ‘రెండున్నాయి కదా’ అనుకునేవాళ్ళను చూశాను. ఉన్నది ఒకటే. రెండోది మొదటిదానికన్నా ఒక సెకను ఆలస్యంగా పేలాలి, దాని మందు కొంచెం ఎక్కువ ఉండాలి. మొదటిది విడదీయలేకపోతే ఇది విడదీస్తుంది. మొదటిది విడదీస్తే ఇది గాలిలో వృథాగా పేలుతుంది, నష్టం లేదు.

2017 ఆగస్టు 31న పీఎస్‌ఎల్‌వీ సీ39 గుర్తుండే ఉంటుంది. మోటార్లన్నీ చక్కగా పనిచేశాయి, రాకెట్ పైకి వెళ్ళింది. ఉష్ణ కవచం మాత్రం విడిపోలేదు, ఉపగ్రహం లోపలే ఉండిపోయింది. ఇస్రో అంతటి సంస్థకు అన్ని విజయాల తర్వాత జరిగింది విడిపోయే దగ్గరే. అందుకే మీ పరీక్ష ఇలా ఉండాలి: పారాచూట్ అసలుది, మడత అసలు మడత, షియర్ పిన్నులు (ముక్కును పట్టి ఉంచి, మందు పేలగానే తెగిపోయే సన్నటి మేకులు) అసలువి, ముక్కులో బరువు అసలు బరువు. రాకెట్‌ను పడుకోబెట్టి, అందరూ దూరంగా నిలబడి, తీగ ద్వారా పేల్చండి. ముక్కు భాగం దూరంగా ఎగిరి పారాచూట్ మొత్తం బయటపడాలి. ‘విడిపోయింది, పారాచూట్ సగం వచ్చింది, గాలి లాగేస్తుందిలే’ అంటే అది తప్పినట్టే. వరసగా రెండుసార్లు సరిగ్గా రావాలి. దీన్ని ఇళ్ళ మధ్య చేయకండి. మీ కాలనీ సంఘం నుంచి ఉత్తరం రావడం అటుంచి, పొరుగువాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు. స్థానిక క్లబ్బు ప్రయోగాలు జరిపే పొలానికి తీసుకెళ్ళండి, అనుభవం ఉన్న కళ్ళు కూడా పడతాయి.

పరీక్ష జరగవలసిన తేదీ ఆగస్టు రెండో వారాంతం. నేను మీ ప్రణాళికలో గోడ కట్టమనేది అక్కడే. ఆ రోజుకు పరీక్ష రెండుసార్లు నెగ్గకపోతే లేబర్ డేకి ఎగరేయడం లేదని ఈ రోజే ముగ్గురూ ఒప్పందం చేసుకోండి. రాకెట్‌ను అర్గోనియాకు తీసుకెళ్ళి నిలబెట్టండి, ఫొటోలు దిగండి, చలికాలంలో టెక్సస్‌లోనే ఎగరేయండి. ఈ మాట ఇప్పుడే చెప్పుకోకపోతే ఆగస్టు చివర్లో ముగ్గురిలో ఎవరికీ చెప్పే ధైర్యం ఉండదు.

గోడ నుంచి వెనక్కి లెక్కపెడితే మీకున్నవి ఎనిమిది వారాంతాలు. వాటిలో జులై నాలుగు పోతుంది. శ్రావణ మాసం వస్తే వ్రతాలు, ఎవరో ఒకరి గృహప్రవేశం, పిల్లల పుట్టినరోజులు. నిజంగా గ్యారేజీలో ఉండేవి అయిదో ఆరో. కాబట్టి పని వారపు రోజుల సాయంత్రాల్లో జరగాలి: రాత్రి ఒక జిగురు పని, పొద్దుటికి అది గట్టిపడుతుంది. ముగ్గురూ ఒకే పని మీద కూర్చోవద్దు. ఒకరు మోటారు భాగం, రెక్కలు. ఒకరు ముక్కు, స్ట్రాపాన్లు. మూడోవారు ఆల్టీమీటర్లు, పారాచూట్ తప్ప మరి దేన్నీ ముట్టుకోకూడదు. రంగు చివరిది. సమయం చాలకపోతే తెల్ల ప్రైమర్ మీద త్రివర్ణ పతాకం, ఇస్రో అక్షరాలు స్టిక్కర్లుగా అంటించి వెళ్ళిపోండి.

నిర్వాహకులకు ఈ వారమే రాయండి. ఎత్తు, బరువు, మోటారు, స్థిరత్వం లెక్క, దిగే వేగం. ఇంత పెద్దదానికి ఏ ప్యాడ్ ఇస్తారు, రైల్ ఎంత పొడవు, దాన్ని పడుకోబెట్టి రాకెట్ ఎక్కించి లేపే వీలుందా అని అడగండి. 42 కిలోలను అయిదు మీటర్ల ఎత్తున చేతులతో నిలబెట్టాలంటే నలుగురైదుగురు కావాలి. మోటారును ప్రయోగస్థలానికే తెచ్చే విక్రేతతో ముందే మాట్లాడుకుంటే రవాణా రుసుము తప్పుతుంది. ఈ కాంపోజిట్ ఇంధనం 2009లో కోర్టు తీర్పు వల్ల పేలుడు పదార్థాల జాబితా నుంచి బయటపడింది కాబట్టి అనుమతి పత్రాల బెడద లేదు. ఇంధనాన్ని పట్టి ఉంచే 98 మిల్లీమీటర్ల లోహపు కేసింగ్ మాత్రం కొనకండి. ఖరీదైనది, క్లబ్బులో అడిగితే ఎవరో ఒకరు అరువిస్తారు. అది చిన్న ఉపకారం కాదు, కాబట్టి వాడాక శుభ్రంగా కడిగి ఇవ్వండి.

ప్యాడ్ దగ్గర వరస ఇదీ: రాకెట్ నిలబెట్టడం, ఆల్టీమీటర్లు ఆన్ చేసి వాటి బీప్‌లు వినడం, చివరగా ఇగ్నైటర్ పెట్టడం. ఇగ్నైటర్ ముందు పెట్టి తర్వాత స్విచ్‌ల కోసం నిచ్చెన ఎక్కితే రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ మిమ్మల్ని వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

ఓపెన్‌రాకెట్ ఫైలును తొమ్మిదో వంతుకు మార్చి, స్ట్రాపాన్లు ఖాళీగా, మూడు రెక్కలతో మళ్ళీ పెట్టండి. బరువులు అంచనావి కాకుండా ఇప్పటికే కొన్న ట్యూబు, ప్లైవుడ్ తూచి వేయండి. రెక్కల కొలత, ముక్కులో ఎంత బరువు కావాలో చూసి చెబుతాను. పారాచూట్ ఆర్డరు మాత్రం దానికోసం ఆపకండి.